స్వామి లేచాకే ఊరు లేస్తుంది

పోయినవారం మిమ్మల్ని మా ఇంటి గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. అప్పటినుంచీ అక్కడే ఉన్నారో, విసుగొచ్చి వెళ్ళి మళ్ళీ వచ్చారో నాకు తెలీదు. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టను. ఆ రోజు మా ఇంట్లో ఉన్నవాళ్ళకే ఎటైనా పారిపోవాలనిపించింది.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను. నా పేరు శ్రీవల్లి. టెక్కలి హైస్కూల్లో సోషల్ చెబుతాను. పుట్టింది విశాఖపట్నం వన్ టౌన్‌లో. మా మావయ్యగారు ఉమామహేశ్వరరావు గారు రంగంరేవులో ఓడమల్లేశ్వరస్వామి గుడికి అర్చకులు. రంగంరేవు అంటే సముద్రం ఒడ్డున, మా ఇంటినుంచి బస్సులో గంట ప్రయాణం. అక్కడ కొత్త పోర్టు కడుతున్నారు. ఊరు మొత్తం లేచి, మెట్ట మీద కట్టిన కాలనీకి వెళ్ళిపోవాలి. "స్వామి లేచాకే మేం లేస్తాం" అని ఊళ్ళోవాళ్ళు భీష్మించుకుని కూర్చున్నారు. సరేనని మావయ్యగారు ముహూర్తం పెట్టారు. నేను చెబుతున్న రోజుకి మర్నాడు పొద్దున్న కళాకర్షణ. అంటే లింగంలో ఉన్న స్వామి కళని మంత్రంతో కలశంలో నీళ్ళలోకి తీసుకుని, ఆ కలశాన్ని కొత్త గుడికి మోసుకెళ్ళడం. అది అయిపోయాక పాత లింగం ఉత్త రాయి. దాన్ని ఎవరు కదిపినా పాపం లేదు.

అలా ముహూర్తం పెట్టిన మనిషే ఆ పొద్దున్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని "నేను చెయ్యను" అన్నారు. ఎందుకని అడిగితే జవాబు లేదు. సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగి, రంగంరేవు పెద్దమనిషి ఢిల్లేశ్వరరావు దిగాడు. నేను ఆపింది అక్కడే.

"ఏటమ్మా, పంతులుగోరు నేరా?" అన్నాడతను చెప్పులు విడుస్తూ. భుజాన పెద్ద సంచీ. "సామాన్లన్నీ తెచ్చీసినాను. పొద్దున్నే పలాస ఎల్లినాను. కలశం కాడ బేరం ఆడితే ఆడు దిగనేదు. సామికి బేరమేటని నానే ఊరుకున్నాను."

సంచీలోంచి ఒక్కొక్కటే తీసి హాల్లో గచ్చు మీద పెట్టాడు. కొత్త రాగి కలశం, ఎర్రటి గుడ్డ, పసుపు, దర్భలు, పీచుతో ఉన్న కొబ్బరికాయ. కొబ్బరికాయని మాత్రం రెండు చేతులా పట్టుకుని పెట్టాడు.

"మా దొడ్లోదమ్మా. తిత్లీ తుఫానుకి అన్ని సెట్లూ పోయి ఇదొక్కటే మిగిలినాది. దీన్నీ రేపో మాపో తోసెస్తారు. అందుకే కోసీసినాను."

"మావయ్యగారికి ఒంట్లో నలతగా ఉంది. పడుకున్నారు" అన్నాను. అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు. స్కూల్‌కి ఇన్‌స్పెక్షన్ వచ్చిన ప్రతిసారీ చెబుతూనే ఉంటాను.

"ఏటయినాది? పెషరా? రేపటికి లెగిసిపోతారు కదేటి?"

మా అత్తయ్య మంగాదేవి గారు వంటింట్లోంచి వచ్చి అతనికి మజ్జిగ గ్లాసు ఇచ్చారు. ఇచ్చి, కొబ్బరికాయ వంక ఒకసారి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు. పొద్దుటినుంచీ ఆవిడ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. మామూలుగా మా ఇంట్లో రేడియో అక్కర్లేదు, అత్తయ్య చాలు. అలాంటి మనిషి మౌనంగా ఉంటే నాకు అనుమానం రావాలి కదా? రాలేదు. రెండో శనివారం సెలవని చెప్పి స్కూలు పేపర్లన్నీ ఇంటికి మోసుకొచ్చుకున్నాను. నా గోల నాది.

ఢిల్లేశ్వరరావు మజ్జిగ తాగి గోడకి చేరబడ్డాడు. యాభై దాటిన మనిషి. గుజరాత్‌లో, వీరావల్‌లో, సగం జీవితం బోటు పనికి పోయి, నడుం పోగొట్టుకుని తిరిగొచ్చాడు. అతని ముఖంలో నాకు కోపం కనిపించలేదు, ఏడుపు కనిపించలేదు. పోర్టు వద్దని కొన్నాళ్ళు ధర్నాలు చేసి, కావాలని కొన్నాళ్ళు చేసి, ఏది చేసినా జరిగేదే జరుగుతుందని తెలిసిపోయిన మనిషి అలాగే ఉంటాడు.

"ఊల్లో సగం మంది ఇల్లు ఇప్పీసినారమ్మా. పెంకులు, తలుపులు అన్నీ ఆటోల్లో ఎక్కించీసినారు. పొయిలు మాత్రం ఆర్పనేదు. సామి లెగిసినాకే పొయి ఆర్పుతాం అన్నారు ఆడోల్లు. ఓడకొయ్యని క్రేనుతో తీత్తారంట. ఇరగ్గొట్టీకుండా తీత్తే బాగుణ్ణు."

ఓడకొయ్య అంటే ఆ గుడి ధ్వజస్తంభం. ఒకప్పటి ఓడ తెరచాప కొయ్య అది. రంగంరేవుకి ఆ పేరు ఊరికే రాలేదు. రంగం అంటే మా వైపు రంగూను. ఈ ఉద్దానం మనుషులు, ఇచ్ఛాపురం నుంచి భావనపాడు దాకా, కూలికీ నాలికీ బర్మా వెళ్ళాలంటే ఓడెక్కే రేవుల్లో అదొకటి. నౌపడా ఉప్పు, కొబ్బరి, నార వెళ్ళేవి. బియ్యం, టేకు వచ్చేవి. ఆ టేకుతోనే ఓడల షావుకార్లు గుడి కట్టారు. చిట్టచివరి ఓడ ఇసకలో కూరుకుపోతే దాని కొయ్య తెచ్చి గుడిముందు నాటారు. కార్తీకంలో ఆకాశదీపం ఆ కొయ్య మీదకి లాగితే, రంగం నుంచి వచ్చేవాళ్ళకి అదే ముందు కనబడేదట. మొగుళ్ళు ఓడల్లో ఉన్న ఆడవాళ్ళు ఆ దీపంలో తలో గరిటెడు నూనె పోసేవాళ్ళట. ఇప్పటికీ పోస్తారు, మొగుళ్ళు వీరావల్‌లో ఉన్నవాళ్ళు.

నేను కాపరానికొచ్చిన కొత్తలో మావయ్యగారు ఇవన్నీ చెప్పి, "మీ ఊరే మా రేవుని మింగీసిందమ్మా" అని ఏడిపించేవారు. నిజమే. రైలొచ్చింది, విశాఖపట్నంలో హార్బర్ తెరిచారు, ఇక ఇక్కడికి ఓడలెందుకొస్తాయి? రేవులో ఇసక మేట వేసింది. ఎనిమిదో క్లాసుకి నేనే చెబుతాను, విశాఖ సహజ ఓడరేవు, డాల్ఫిన్స్ నోస్ కొండ అలల్ని ఆపుతుంది అని. పిల్లలు రాసుకుంటారు, మార్కులు తెచ్చుకుంటారు. ఆ కొండ అలల్నే కాదు, ఎవరెవరి ఓడల్నో కూడా ఆపిందని పుస్తకంలో ఉండదు.

పోర్టు మంచిదా చెడ్డదా అని నన్ను అడక్కండి. వన్ టౌన్‌లో మా వీధి చివర నిలబడితే మేడలు కదిలి వెళ్తున్నట్టు ఓడలు వెళ్ళేవి. ఓడలొచ్చే చానల్ పక్కన కొండల మీద గుడి, దర్గా, చర్చి పక్కపక్కనే ఉంటాయి. లోపలికొచ్చే ఓడకి అందరి దేవుళ్ళూ ఒకేసారి కనబడతారు. మా నాన్న పోర్టు జీతంతోనే నేను చదువుకున్నాను. పోర్టు బొగ్గు దుమ్ముకి మా అమ్మ ఆరేసిన బట్టలు మాత్రం ఏనాడూ తెల్లగా ఉండేవి కావు. రెండూ నిజమే. రెంటికీ అలవాటు పడిపోయాం.

ఇంతలో మా ఆయన వచ్చారు. శరత్ చంద్ర. రెవెన్యూ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్. పోర్టు పని మొదలయ్యాక ఆయనకి శనివారం లేదు, ఆదివారం లేదు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. ఢిల్లేశ్వరరావుని చూడగానే నా వైపు తిరిగారు. నేను తల అడ్డంగా ఊపాను. సంచీ అక్కడే పడేసి మావయ్యగారి గదిలోకి వెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

"ఏటి నాన్నగారూ ఇది? ఊరు ఊరంతా మూటలు కట్టుకుని కూర్చుంది. చెయ్యనంటే ఎలా?"

మావయ్యగారు దుప్పటి మీదకి లాక్కున్నారు. మా ఆయన వదల్లేదు.

"సోమవారం మిషన్లు దిగుతాయి. ఆర్డర్ వచ్చీసింది. రేపు స్వామి వెనకాల వాళ్ళంతట వాళ్ళు నడిచి వెళ్ళిపోతే గొడవే లేదు, మర్యాదగా అయిపోతుంది. లేదనుకోండి, పోలీసులొస్తారు. కాంతమ్మని నలుగురు కానిస్టేబుళ్ళు రెక్కపట్టుకుని ఈడుస్తుంటే చూస్తారా? రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్‌కి వెళ్ళే మనిషి. ఆవిడ ఒట్టేసి చెప్పింది, స్వామి లేవకుండా గుమ్మం దాటనని. మీ ఒక్కరి చేతిలో ఉంది. ఏటి మీ బాధ? చెప్పండి."

కాంతమ్మ ఢిల్లేశ్వరరావు తల్లి. ఆ పేరు వినగానే మావయ్యగారు లేచి కూర్చున్నారు. పొద్దుటినుంచీ గడ్డం గీసుకోలేదు, విబూది పెట్టుకోలేదు. ఆయన్ని నేను అలా ఎప్పుడూ చూడలేదు.

"ఢిల్లీని లోపలికి పిలు. వాడు వినకపోతే నేను చెప్పీ లాభం లేదు" అన్నారు.

పిలవక్కర్లేకపోయింది. హాలెంత, గదెంత? అన్నీ వినబడుతూనే ఉన్నాయి. అతను వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు. ఎప్పుడూ రాడు.

"తిత్లీ వచ్చిన రోజు గుర్తుందిరా?" అన్నారు మావయ్యగారు.

"మర్సిపోతామేటి పంతులుగోరూ."

"ఆ సాయంత్రం నేను గుడి దగ్గరే ఉన్నాను. వాన ఇంకా పట్టలేదు. గాలి మాత్రం తిరగబడింది. మీరంతా పడవలు మీదకి లాక్కుంటున్నారు. గుళ్ళో దూలం కిర్రుమని ఒకటే చప్పుడు. ఈ రాత్రికి గుడి కూలిపోతుందనుకున్నాను. కూలితే లింగం భిన్నమైపోతుంది. పగిలిన లింగంలో స్వామిని ఉంచకూడదు. అది మహాపాపం. నాకు అదొక్కటే తోచింది. చేతిలో అభిషేకం చెంబుంది. దాన్లోకే కళాకర్షణ చేసీసేను. ఒక్కణ్ణీ. తువ్వాల్లో చుట్టుకుని ఆఖరి బస్సెక్కీసేను."

ముందు మా ఆయనకే అర్థమైంది.

"అంటే... పూజగదిలో ఉన్న ఆ చెంబు?"

"అదే."

ఏడేళ్ళుగా మా పూజగదిలో, బియ్యం పోసిన పళ్ళెంలో, ఎర్ర గుడ్డ కట్టిన రాగి చెంబొకటి ఉంది. మీద కొబ్బరికాయ. ఏటేటా శివరాత్రికి మావయ్యగారు కాయ మారుస్తారు. నన్ను ముట్టుకోనివ్వరు. ఏదో కలశంలే, వీళ్ళ ఆచారం అనుకున్నాను. అత్తవారింట్లో ప్రతిదానికీ ఎందుకని అడుగుతామా ఏమిటి? రోజూ దాని ముందే నిలబడి స్కూల్‌కి ఆలస్యమవుతోందని గబగబా దణ్ణం పెట్టుకుని పరిగెత్తాను.

"రెండ్రోజుల్లో గాలి తగ్గాక తెచ్చి మళ్ళీ ప్రతిష్ఠ చేసీవచ్చనుకున్నాను" అన్నారు మావయ్యగారు. "తెల్లారి నేనొస్తుంటే దారంతా కొబ్బరిచెట్లు. ఒకటి దాటుతూ పడి కాలు విరగ్గొట్టుకున్నాను. నీకు తెలుసు కదరా, మాఘమాసం దాకా మంచం మీదే ఉన్నాను. శివరాత్రికి కర్ర పట్టుకుని వచ్చేను, మీ అందరికీ చెప్పీసి, హోమం చేసి, స్వామిని మళ్ళీ పెట్టీదామని. మీ అమ్మ ఎదురొచ్చింది. 'పంతులుగోరూ, ఆ రాత్రి మీరే నేరు గానీ సామి మాతోనే ఉన్నాడు' అంది. నవ్వుతూ అంది. ఆ రోజు చెప్పలేకపోయాను. ఆ తర్వాత ఏ రోజూ చెప్పలేకపోయాను. ఏడేళ్ళు ఉత్త రాయికి అభిషేకం చేస్తున్నాను. రేపు ఆ రాయిలోంచి ఏం తియ్యమంటారు? అందరి ముందూ నిలబడి స్వామి పేరు మీద ఆ నాటకం కూడా ఆడమంటారా? నా వల్ల కాదు."

ఢిల్లేశ్వరరావు గుమ్మం పట్టుకున్నాడు.

"ఆ రాత్రి మావు ఏడున్నామో తెల్సా పంతులుగోరూ?"

"తెలుసు."

"తుఫాను బిల్డింగుకి రమ్మని మైకుల్లో సెప్పినారు. పోలీసోడు ఒచ్చి సెప్పినాడు. మా అమ్మ రాననేసినాది. సామి ఉండగా బిల్డింగెందుకన్నాది. మా అమ్మని సూసి మా వాడోల్లందరూ ఉండిపోనారు. ఆడోల్లు, పిల్లలు. సముద్రం ఓడకొయ్య కాడికి ఒచ్చీసినాది. పైన పెంకులెగిరిపోతన్నాయి. మా అమ్మ తెల్లారీదాకా సామిని కావలించుకుని కూకున్నాది. మావందరం మా అమ్మని పట్టుకుని కూకున్నాం." గొంతు పెంచలేదతను. పెంచితే బాగుండేది. "సామి టెక్కలి బస్సెక్కీసినాడు. మమ్మల్ని ఆడ ఒగ్గీసినారు."

"నాకు తెలీదురా, మీరు గుళ్ళోకి వస్తారని—"

"సామి ఉన్నాడని ఒచ్చినాం. మీరు ఒక్క మాట సెప్తే బిల్డింగుకి పోదుం కదేటి? ఒక్క మాట. ఒరే, సామిని తీసుకుపోతన్నాను, మీరూ పొండి అని."

సిగ్గేసింది నాకు. ఆ ఇంటి కోడల్ని అయినందుకు, అతనికి అబద్ధం చెప్పి అంతసేపూ కూర్చోబెట్టినందుకు సిగ్గేసింది. రాయి పగిలితే పాపమని తెలిసిన మనిషికి మనుషులు మునిగితే ఏమిటో తోచలేదా? అడిగేద్దామనుకున్నాను. ఆయన ముఖం చూసి నోరు మూసుకున్నాను. ఆ మాట ఆయన ఏడేళ్ళుగా తనని తానే అడుగుతున్నారని తెలుస్తూనే ఉంది.

మా ఆయన మాత్రం ఉద్యోగస్తుడు కదా, ఏదొచ్చినా ఫైలు ముందుకి కదలాలి. "సరే, అయిందేదో అయిపోయింది" అన్నారు. "ఒక విధంగా పని తేలికైంది. స్వామి ఆల్రెడీ కలశంలోనే ఉన్నారు. రేపు ఆ చెంబే గుళ్ళోకి పట్టుకెళ్ళి, కాసేపు కూర్చుని, అదే బయటికి తెచ్చి కాలనీకి తీసుకెళ్ళిపోదాం. నాటకమేముంది ఇందులో? స్వామి స్వామే కదా. ఢిల్లీ, నువ్వేటంటావ్?"

జవాబు వెనకాల్నుంచి వచ్చింది.

"ఆ చెంబులో ఏమీ లేదు."

అత్తయ్య. చెంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

"ఏటన్నావ్?" అన్నారు మావయ్యగారు.

"బావి నీళ్ళు. నేను పోసినవే."

అత్తయ్య ముందుకొచ్చి, మావయ్యగారి వైపు కాకుండా, ఢిల్లేశ్వరరావు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు.

"ఆ రాత్రి ఈయన చెంబు తెచ్చి పూజలో పెట్టి, దానికి సాష్టాంగపడి లేచేరు. నాకు నోటితో చెప్పలేదు. చెప్పాలేటి? ఇన్నేళ్ళ కాపరం. ఆ కార్తీకంలో దీపం పెట్టుకుందామని మీ ఊరొచ్చేను. ఈయన కాలికి కట్టుతో ఇక్కడున్నారు. మీ అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని, ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పింది. నాకు అన్నం సయించలేదు బాబూ. వాళ్ళు కావలించుకున్నది మా ఇంట్లో బియ్యం మీద కూర్చుంది. మళ్ళీ సోమవారం ఈయన నిద్రలో ఉండగా చెంబు సంచీలో పెట్టుకుని, మీద చీర కప్పి, పొద్దున్న బస్సుకి వచ్చీసేను. గుళ్ళో ఎవరూ ఆపలేదు. పంతులుగారు లేరు కదా, అప్పుడు మీరే కదా నీళ్ళు పోసుకుంటున్నారు. 'ఇదిగో నీ ఇల్లు, నువ్వెళ్ళు' అని లింగం మీద పోసీసేను. దీపం పెట్టీసేను. వస్తూ వస్తూ ఖాళీ చెంబుని మన బావి దగ్గర నింపి, గుడ్డ కట్టి, ఎక్కడిది అక్కడ పెట్టీసేను."

"మంత్రం లేకుండానా?" అన్నారు మావయ్యగారు.

"నాకు మంత్రాలెవరు నేర్పేరు?"

"మంగా, అది ప్రతిష్ఠ కాదే! హోమాలుండాలి, ఋత్విక్కులుండాలి, అధివాసాలుండాలి. నువ్వు చేసింది అభిషేకం. ఉత్తినే నీళ్ళు పోశావు. నీళ్ళు కాలవలోకి పోయుంటాయి!"

"పోయుంటాయి" అన్నారు అత్తయ్య. "మీరు శాస్త్రం ప్రకారం తీసేరు. నేను శాస్త్రం లేకుండా పెట్టేను. మీరు చెప్పలేకపోయేరు. నేనూ చెప్పలేకపోయేను. చెబితే మీరు మళ్ళీ మంచం దిగరని భయం."

ఒకే పూజగదిలో, ఒకే చెంబు ముందు, ఏడేళ్ళు ఆయన దేవుడున్నాడనుకుని మొక్కారు. ఆవిడ లేడని తెలిసీ రోజూ హారతి కళ్ళకద్దుకున్నారు. ఆ మధ్యలో నేను వీళ్ళకి కాఫీలు కలిపి ఇస్తూ తిరిగాను. నవ్వొచ్చింది నాకు. ఏడుపూ వచ్చింది. రెంటికీ ఓపిక లేక అక్కడే గోడకి ఆనుకున్నాను.

"అయితే ఇప్పుడు స్వామి ఎక్కడున్నట్టు?" అన్నారు మా ఆయన. జీవితంలో మొదటిసారి ఆయన దగ్గరికి ఫైలు లేని ప్రశ్న వచ్చింది.

ఢిల్లేశ్వరరావు అత్తయ్యని అడిగాడు. "అమ్మగోరూ, మీరు నీల్లు పోసినప్పుడు మా అమ్మ ఆడున్నాదా?"

"పక్కనే ఉంది. పానవట్టం మీంచి కారుతుంటే దోసిలి పట్టి తలమీద జల్లుకుంది. నాకూ జల్లింది."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. "అయితే మా సామి మాకొచ్చీసినాడు" అన్నాడు. "మంతరమో కాదో నాకు తెల్దు. తీసుకుపోయినోరు సెప్పకుండా తీసుకుపోనారు. తెచ్చినోరు సెప్పకుండా తెచ్చినారు. తెచ్చినోల్లకే నాను దణ్ణం ఎడతాను."

"ఒరే ఢిల్లీ..." అన్నారు మావయ్యగారు.

"పంతులుగోరూ, మీరంటే నాకు గౌరవం పోనేదు. కానీ రేపు మీరు మా గుళ్ళోకి రాకండి. వొత్తే నానే అడ్డం నిలబడతాను." అని గచ్చు మీదున్న కొత్త కలశం తీసుకున్నాడు. హాలు దాటి వెళ్ళి అత్తయ్య కాళ్ళ ముందు పెట్టాడు. "పెట్టినోరే తియ్యాల. మీరు రండి అమ్మగోరూ."

"ఏటి నీ మాటలు?" అన్నారు మా ఆయన గాభరాగా. "ఆడవాళ్ళు గర్భగుళ్ళో కూర్చుని కళాకర్షణ చెయ్యడమేటి? ఎక్కడైనా ఉందా? ఊరు ఒప్పుకుంటుందా? ఎందుకని అడిగితే ఏం చెప్తావ్?"

"అదే తెల్దు బాబూ. ఉన్నదున్నట్టు సెప్తే మా అమ్మ తట్టుకోనేదు. ఆ రాత్రి ఒక్కటే ఆయమ్మకి ఉన్న ఆస్తి. సెప్పకపోతే, పంతులుగోరు ఏరీ, ఈయమ్మెందుకొచ్చినాదని ఊరు ఊరంతా అడుగుతాది. నానేటి సెప్పాలో రాత్రికి ఆలోసిత్తాను." చెప్పులు వేసుకుంటూ ఆగాడు. "తెల్లారగట్ల ఆటో అంపుతాను. ఎవులెక్కుతారో మీరే సూసుకోండి. ఎవులూ ఎక్కకపోతే మావు పొయి ఆర్పం. సోమారం వొచ్చీ మిషన్లు మా మీంచే పోతాయి."

ఆటో వెళ్ళిపోయింది. అతని కొబ్బరికాయ అక్కడే ఉండిపోయింది.

మా ఆయన ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళారు. ఎవరికి చేస్తారో, ఏమని చెబుతారో. నేను పేపర్లు దిద్దుదామని కూర్చుని, ఒక్కటీ దిద్దలేక మళ్ళీ లేచాను. వంటింట్లో అత్తయ్య పీట మీద కూర్చున్నారు. కొత్త కలశం ఒళ్ళో పెట్టుకుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

"వల్లీ, కాస్త చింతపండు నానెయ్యి. కొత్త చెంబుకి మైనం వాసన పోవాలి" అన్నారు.

"వెళ్తారా అత్తయ్యా?"

"ముందు తోమనీ."

నానేశాను. ఆవిడ తోముతున్నారు. గదిలోంచి కర్ర చప్పుడు వినబడింది. విరిగిన కాలు నేలకీడుస్తూ మావయ్యగారు వచ్చి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. ఏదో పెద్ద గొడవే అవుతుందనుకుని నేను పక్కకి జరిగాను.

"మంగా" అన్నారు. "నువ్వు పోసినప్పుడు... నీకేమైనా తెలిసిందా? స్వామి దిగినట్టు?"

అత్తయ్య చెయ్యి ఆగింది. పొద్దుటినుంచీ మొదటిసారి తలెత్తి ఆయన ముఖంలోకి చూశారు.

"ఇన్నేళ్ళు పూజ చేసేరు. మీకెప్పుడైనా తెలిసిందా?"

ఆయన వెనక్కి తిరిగి పూజగదిలోకి వెళ్ళారు. బియ్యం జారిన చప్పుడైంది. ఎర్ర గుడ్డ కట్టిన పాత చెంబు తెచ్చి, వంగలేక వంగి, ఆవిడ తోముతున్న కొత్త కలశం పక్కన పెట్టారు.

"కొత్తది తీసుకెళ్తే స్వామి గుళ్ళో ఉన్నట్టు. పాతది తీసుకెళ్తే మనింట్లో ఉన్నట్టు" అన్నారు మావయ్యగారు. "రేపు ఏది తీసుకెళ్ళాలో నువ్వే చెప్పు."